166వ వరుసలో ధర ఎందుకు నిలవలేదు: ఉల్లి కాటా చీటీ ఫారంపై ఒక కేస్ స్టడీ

రాత్రి ఎనిమిదిన్నరకు మండీ గుమాస్తా ఫోన్ చేశాడు.

"అన్నా, ధర కొడితే నిలబడ్డం లేదు. నాలుగుసార్లు కొట్టినా. యాడికి పోతాందో తెలీడం లేదు. రైతు బయట కూర్చున్నాడు, లారీ కిరాయి ఇయ్యాలంట."

ఏ వరుసలో అని అడిగాను.

"నూటా అరవై ఆరులో. ఆ ఒక్కదాంట్లోనే. ఇంకోటన్నా, నేను కొట్టింది నూటా డెబ్బై రెండు వరుసలు. ఇప్పుడు చూస్తే కింది ఆరూ లేవు."

ఆ ఫారం రాసింది నేనే. అందులో అప్పటికే రెండు పెద్ద తప్పులు దొరికాయి, రెండూ సరిదిద్దాను. ఇది మూడోది. మూడింటి వెనకా ఉన్న జబ్బు మాత్రం ఒకటే అని ఆ రాత్రి తర్వాతే నాకు అర్థమైంది. జావా వెబ్ అప్లికేషన్లలో వరుసలు పెరిగే ఫారాలు రాసేవాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి కొనే ఒక వ్యాపారికి కాటా చీటీలు రాసే అప్లికేషన్ ఇది. కొండారెడ్డి బురుజు దగ్గర చిన్న గదిలో కూర్చుని ఇలాంటి పనులు చేసుకుంటూ ఉంటాను. కోడుమూరు, గూడూరు, సి.బెళగల్ వైపు నుంచి రైతు సరుకు తెస్తాడు. హమాలీలు సంచులను కాటాకు ఎక్కిస్తారు, కొన్నిసార్లు ఒక్కొక్కటి, కొన్నిసార్లు రెండేసి. ఒక్కో తూకానికి ఒక వరుస. చిన్న రైతుకు ఎనిమిది వరుసలు ఉంటే, లారీ నిండా తెచ్చినవాడికి రెండు వందలు దాటవచ్చు. ఎన్ని వస్తాయో ముందు తెలియదు కాబట్టి "వరుస కలుపు" అనే బటన్ పెట్టాను. నొక్కినప్పుడల్లా జావాస్క్రిప్ట్ కొత్త గడులు తెస్తుంది. పక్కన "తీసేయ్" బటన్ ఉంటుంది.

చీటీ అచ్చయ్యాక రైతు చేతికి వెళ్తుంది. దాని ప్రకారమే డబ్బు. అందుకే ఇందులో తప్పు జరిగితే అది మామూలు బగ్ కాదు, ఒకరి పంట డబ్బు.

మొదటి తప్పు: తడి టిక్కు ఎవరిది?

మొదటి రూపం జేఎస్‌పీ (పేజీని తయారుచేసేది), సర్వ్‌లెట్ (ఫారంను సర్వర్‌లో అందుకునేది)తో రాశాను. అన్ని వరుసల్లోనూ బరువు గడికి ఒకటే పేరు, ధర గడికి ఒకటే పేరు. సర్వ్‌లెట్‌లో గెట్‌పారామీటర్‌వాల్యూస్ అని అడిగితే బరువులన్నీ ఒక అర్రేగా (జాబితాగా), ధరలన్నీ ఇంకో అర్రేగా వస్తాయి. రెండింట్లోనూ మొదటిది మొదటి వరుసది, రెండోది రెండో వరుసది అని జత కలిపాను. చాలా పాఠాల్లో ఇలాగే నేర్పుతారు. టెక్స్ట్ గడులు ఉన్నంతవరకూ ఇది నడుస్తుంది కూడా, ఎందుకంటే ఖాళీగా వదిలిన టెక్స్ట్ గడిని కూడా బ్రౌజర్ ఖాళీ స్ట్రింగ్‌గా పంపుతుంది.

నేను "తడి సరుకు" అని ఒక చెక్‌బాక్స్ పెట్టాను. టిక్కు ఉంటే సంచికి 2 కిలోల తరుగు ప్రోగ్రామే కోసేది. టిక్కు పెట్టని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. ఖాళీగా కాదు, మొత్తానికే పంపదు.

మూడు వరుసల చీటీ తీసుకుందాం. మొదటిది మంచి గడ్డ, క్వింటా ధర 1800. రెండోదీ అంతే. మూడోది తడిసిన చిన్న గడ్డ, 900. టిక్కు మూడోదానికే ఉంది. సర్వర్‌కు బరువులు మూడు, ధరలు మూడు, తడి ఒకటే చేరాయి. ఆ ఒక్కటీ దాని అర్రేలో సున్నా స్థానంలో కూర్చుంది. నా కోడ్ దాన్ని మొదటి వరుసకు కట్టింది. 2 కిలోల తరుగు 900 ధర సరుకులో కోయాల్సింది, 1800 ధర సరుకులో కోసింది. 18 రూపాయలు పోవాల్సిన చోట 36 పోయాయి. మొత్తం బరువు సరిగ్గానే ఉంది, తరుగు మొత్తం కూడా సరిగ్గానే ఉంది, డబ్బు ఒక్కటే తప్పు. మొత్తాలు సరిపోయాయి కాబట్టి గుమాస్తాకు తెలియలేదు, నాకూ తెలియలేదు. చీటీని వరుస వరుసా వేలు పెట్టి చదివిన ఒక రైతు పట్టుకున్నాడు. పాత చీటీలన్నీ తీసి, తడి టిక్కు ఉన్న ప్రతిదాన్నీ మళ్లీ లెక్క వేసి, తేడా వచ్చిన రైతులకు వ్యాపారి డబ్బు ఇచ్చేలా చూశాను. ఆ పని పూర్తవడానికి వారం పట్టింది.

చెక్‌బాక్స్ తీసేసి "రకం" అని ఎంపిక గడి పెట్టాను: పొడి, తడి, చిన్న గడ్డ. ఎంపిక గడి ఎప్పుడూ ఏదో ఒక విలువ పంపుతుంది. తరుగును ప్రోగ్రామ్ ఊహించడం మానేసి గుమాస్తా టైపు చేసేలా మార్చాను. అంతకంటే ముఖ్యంగా, అర్రేల జత కలపడమే మానేశాను. వరుస అనేది ఒక వస్తువు అయినప్పుడు దాని గడులు కలిసే ప్రయాణించాలి. వేరువేరు మూటల్లో పంపి అక్కడ ఏది ఎవరిదో పోల్చుకోవడం మొదటి నుంచీ తప్పు ఆలోచన.

రెండో తప్పు: కనిపించని వరుస

రెండో రూపం స్ప్రింగ్ ఎంవీసీ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాశాను. గడి పేరులోనే వరుస నంబరు ఉంటుంది: వరుసలు[0].బరువు, వరుసలు[0].ధర, వరుసలు[1].బరువు ఇలా. (కోడ్‌లో పేర్లు ఇంగ్లీషు లిపిలో ఉంటాయి. చదవడానికి తేలికని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.) స్ప్రింగ్ ఈ పేర్లు చూసి జాబితాను తానే పెంచుకుంటుంది, ఒక్కో వరుసకు ఒక వస్తువు చేసి అందులో విలువలు నింపుతుంది. పాత జత గొడవ పోయింది.

నాలుగు రోజులు బాగా నడిచింది. ఐదో రోజు గుమాస్తా "బరువు ఇవ్వాలి అంటాంది, అన్నింట్లోనూ ఇచ్చినా" అన్నాడు. వెళ్లి చూశాను. తెరమీద ఐదు వరుసలు, ఐదింట్లోనూ బరువు ఉంది. పైన ఎర్రటి గీతలో మాత్రం బరువు ఇవ్వాలి అని ఉంది. ఏ వరుస పక్కనా ఎరుపు లేదు.

అతను ఆరు వరుసలు కలిపి, మూడోదాన్ని తీసేశాడు. నా జావాస్క్రిప్ట్ గడులను తీసింది కానీ మిగిలినవాటి నంబర్లు మార్చలేదు. సర్వర్‌కు 0, 1, 3, 4, 5 వెళ్లాయి. 2 లేదు. స్ప్రింగ్ జాబితాను 3 వరకు పెంచేటప్పుడు మధ్యలో 2వ స్థానం ఖాళీగా ఉంచదు. అక్కడ కొత్త ఖాళీ వస్తువును పెడుతుంది. దాన్ని వ్యాలిడేటర్ (విలువలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే కోడ్) పరీక్షించింది, బరువు లేదంది. లేని వరుసకు తప్పు పట్టింది, దాన్ని చూపించడానికి తెరమీద చోటే లేదు.

దీనికి చాలామంది చెప్పే మందు "అన్ని గడులూ ఖాళీగా ఉన్న వరుసను వదిలేయ్" అని. నాకు అది నచ్చలేదు, కుదరలేదు కూడా. రకం గడి ఎప్పుడూ "పొడి" అని పంపుతుంది కాబట్టి గుమాస్తా కలిపి, ఏమీ టైపు చేయకుండా వదిలిన వరుస పూర్తి ఖాళీగా ఎప్పుడూ ఉండదు. పోనీ రకాన్ని లెక్కలోంచి తీసేద్దామా అంటే, అలాంటి వరుస చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఒక సంచి బరువు కొట్టడం మర్చిపోయి ఉంటే? అడగాలి గానీ మింగేయకూడదు.

అందుకే ప్రతి వరుసకూ మొదటి గడిగా ఒక హిడెన్ ఫీల్డ్ (తెరమీద కనిపించని గడి) పెట్టాను, పేరు "గుర్తు". వరుస పుట్టినప్పుడే జావాస్క్రిప్ట్ దానికి ఒక విలువ ఇస్తుంది. సర్వర్‌లో గుర్తు లేని వరుస అంటే స్ప్రింగ్ సందు పూడ్చడానికి పెట్టినదే, గుమాస్తా కలిపినది కాదు. దాన్ని నిర్భయంగా తీసేయవచ్చు. గుర్తు ఉండి మిగతావి ఖాళీ అయితే అది మనిషి మర్చిపోయిన వరుస, అడుగుతాం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రిక్వెస్టును అందుకునే కంట్రోలర్ మెథడ్‌లో ఫారం వస్తువు ముందు ఎట్ వ్యాలిడ్ (@Valid, పరీక్షించమని చెప్పే సూచన) పెడితే, సందు వరుసలు తీసేసే అవకాశం మనకు రాకముందే పరీక్ష అయిపోతుంది. అందుకని దాన్ని అక్కడ తీసేశాను. ముందు బైండింగ్ (వచ్చిన విలువలను వస్తువులో నింపడం), తర్వాత సందు వరుసలు తీయడం, ఆ తర్వాత వ్యాలిడేటర్‌ను నేనే పిలవడం. అలా చేస్తే ఇంకో చిక్కు వచ్చింది. బరువు గడి ఫారం వస్తువులో సంఖ్యగా ఉంటే, గుమాస్తా "48..5" అని కొట్టినప్పుడు మార్పిడి తప్పు బైండింగ్ సమయంలోనే నమోదవుతుంది, అదీ పాత నంబరుతో, అంటే వరుసలు[4].బరువు మీద. తర్వాత మనం 2వ స్థానాన్ని తీసేస్తే ఆ వరుస 3కు జరుగుతుంది. తప్పు మాత్రం 4 మీదే ఉండిపోతుంది. పక్కింటివాడి గుమ్మానికి నోటీసు అంటించినట్టు ఎరుపు పక్క వరుస మీద పడుతుంది.

దాంతో ఫారం వస్తువులో అన్నీ స్ట్రింగులుగానే ఉంచాను. బైండింగ్‌లో ఏ మార్పిడీ లేదు, కాబట్టి తప్పూ రాదు. సందులు తీసి, వరుసలు సర్దుకున్నాక, నా పరీక్షలో స్ట్రింగును, దశాంశాలను ఖచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్‌గా మారుస్తాను. మారకపోతే అప్పటి నంబరు మీద తప్పు పెడతాను. దశాంశాలను ఉజ్జాయింపుగా ఉంచే డబుల్ రకం వాడలేదు. 48.5 కిలోలు, క్వింటా 1450 అంటే సరిగ్గా 703.25 రావాలి, చీటీ మీద పైసా తేడా రాకూడదు. స్ట్రింగులతో వస్తువు చేయడం కొందరికి నాసిరకంగా కనిపిస్తుందని తెలుసు. ఫారం వస్తువు అంటే మనిషి ఏం టైపు చేశాడో దాని నమూనా అని నా ఉద్దేశం, వ్యాపార లెక్క నమూనా వేరే ఉంటుంది. ఈ రెంటినీ ఒకటి చేయబోయినప్పుడల్లా నేను ఇబ్బంది పడ్డాను.

జాబితా విషయంలో మరో రెండు మాటలు. జావాలో ఇలాంటి నిబంధనలు రాసే ప్రమాణమైన బీన్ వ్యాలిడేషన్‌కు 2.0 రూపం 2017లో వచ్చింది. అందులో జాబితా లోపలి రకం మీదే ఎట్ వ్యాలిడ్ రాయవచ్చు. అది మర్చిపోతే జాబితా లోపలి వరుసల మీద ఎన్ని నిబంధనలు రాసినా ఒక్కటీ నడవదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, చెత్త వరుసలు కూడా పాస్ అయిపోతాయి. నేను ఒకసారి మర్చిపోయాను, బరువుకు మైనస్ పెట్టి చూసే టెస్టు ఉండబట్టి దొరికింది. రెండోది, రకం తడి అయితేనే తరుగు తప్పనిసరి అనే నిబంధన. ఇది రెండు గడుల మధ్య సంబంధం కాబట్టి క్లాసు మీద రాయాలి. మామూలుగా రాస్తే తప్పు వరుస మొత్తానికి తగులుతుంది, ఏ గడి పక్కనా కనిపించదు. వ్యాలిడేటర్ లోపల మామూలు సందేశాన్ని ఆపి, ప్రాపర్టీ నోడ్‌గా "తరుగు" అని ఇస్తే సరైన గడి పక్కన ఎరుపు పడుతుంది. సందేశంలో కూడా "42వ వరుస: తడి సరుకుకు తరుగు రాయండి" అని మనిషి లెక్కపెట్టే నంబరు ఉండాలి, సున్నా నుంచి మొదలయ్యేది కాదు.

తెలుగు అక్షరాలు పెట్టిన పరీక్ష

ఊరు పేరు గడికి మొదట రాసిన నమూనా (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) "యూనికోడ్ అక్షరాలు మాత్రమే". తెలుగుకు సరిపోతుందనుకుని "కడప" అని కొట్టి చూశాను, పాస్ అయింది. సంతోషంగా యార్డుకు పంపాను. మొదటి చీటీకే "గూడూరు" తిరస్కరించింది. తర్వాత "పత్తికొండ" కూడా. కారణం, యూనికోడ్ దృష్టిలో క, డ, ప అక్షరాలు. గుణింతపు గుర్తులు, పొల్లు మాత్రం అక్షరాలు కావు, అవి "మార్క్" అనే వేరే వర్గం. కడపలో తలకట్టు తప్ప వేరే గుణింతం లేదు, ఒత్తు లేదు, అందుకే పాస్ అయింది. నా టెస్టు పదమే నన్ను మోసం చేసింది. నమూనాలో అక్షరాలతో పాటు మార్కులను కూడా చేర్చాను. "సి.బెళగల్" కోసం చుక్కనూ చేర్చాను.

పొడవు కూడా ఇలాంటిదే. "కర్నూలు" మనకు మూడు అక్షరాలు: క, ర్నూ, లు. జావా స్ట్రింగు పొడవు అడిగితే 7 అంటుంది: క, ర, పొల్లు, న, దీర్ఘ కొమ్ము, ల, కొమ్ము. పొడవుకు హద్దు పెట్టే ఎట్ సైజ్ లెక్క కూడా ఇదే. రైతు పేరుకు గరిష్ఠం 30 అని పెట్టడం ఇంగ్లీషు పేర్లకు ధారాళం, తెలుగులో ఇంటిపేరుతో రాస్తే ఇరుకు. 100కు పెంచాను.

ఒకసారి ఊరు లేకుండానే చీటీ అచ్చయింది. ఖాళీగా వదలొద్దని చెప్పే ఎట్ నాట్‌బ్లాంక్ ఉంది, అయినా వదిలేసింది. డేటాబేస్‌లో చూస్తే ఆ గడిలో ఒకే ఒక్క అక్షరం, కంటికి కనిపించనిది, తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత ఒత్తు పడకుండా వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్. జావాలో కొసల ఖాళీలు తీసే ట్రిమ్ దాన్ని తీయదు, జావా 11లో వచ్చిన స్ట్రిప్ కూడా తీయదు, ఎందుకంటే రెండింటి లెక్కలోనూ అది ఖాళీ కాదు. పరీక్షకు ముందు స్ట్రింగు రెండు కొసల్లో మాత్రమే ఇలాంటివి తీసేస్తాను. మధ్యలో ఉన్నది తీయకూడదు, పదం రూపం మారిపోతుంది.

అంకెలదీ ఒక వింతే. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని ఒకరు బరువు "౪౮" అని కొట్టారు. జావా బిగ్‌డెసిమల్ దాన్ని 48గా చక్కగా తీసుకుంటుంది. జావా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అంకె గుర్తు మాత్రం మామూలుగా 0 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ అసలు సంఖ్యే కాదంటుంది. తెర మీద మొత్తం రాలేదు, సర్వర్ మాత్రం సరే అంది. అన్ని అంకెలనూ ముందే 0-9లోకి మార్చేసి, ఆ తర్వాతే ఏ పరీక్షైనా చేస్తున్నాను.

మూడో తప్పు: ఆ రాత్రి

రైతు బయట కూర్చున్నాడు కాబట్టి ముందు ఒక దారి చూపాలి. చీటీని రెండుగా చేయమన్నాను, ఒకటి 100 వరుసలు, ఇంకోటి 72. రెండూ సేవ్ అయ్యాయి. కిరాయి ఇచ్చి పంపారు. అప్పుడు కూర్చున్నాను.

రెండుగా చేస్తే పనిచేసింది అంటే విలువల్లో తప్పు లేదు, పరిమాణంలో ఉంది. మొదట అనుమానించింది స్ప్రింగ్‌ను. బైండింగ్ చేసే డేటాబైండర్‌లో ఆటోగ్రోకలెక్షన్‌లిమిట్ అని ఒకటి ఉంటుంది. జాబితాను తనంతట తాను ఎంతవరకు పెంచాలో దానికి హద్దు, మామూలుగా 256. ఎవరైనా కావాలని వరుసలు[9999999] అని పంపి మెమరీ నింపకుండా అది కాపాడుతుంది. కానీ 172 దాని లోపలే. పైగా అది దాటితే ఎక్సెప్షన్ వస్తుంది, ఇలా నిశ్శబ్దంగా ఉండదు.

నా టెస్టుల్లో 200 వరుసల ఫారం ఒకటి ఉంది. అది పచ్చగా పాస్ అవుతోంది. ఇది నన్ను చాలాసేపు తప్పుదారి పట్టించింది. మాక్‌ఎంవీసీ టెస్టు అసలు టామ్‌క్యాట్ (మా అప్లికేషన్ నడిచే సర్వర్) గుండా పోదని, నకిలీ రిక్వెస్టును నేరుగా స్ప్రింగ్ చేతిలో పెడుతుందని తెలిసి కూడా ఆ సమయంలో తట్టలేదు.

చివరికి కాగితం మీద గుణించాను. వరుసకు ఆరు గడులు, ఈ క్రమంలో: గుర్తు, సంచులు, రకం, బరువు, తరుగు, ధర. పైన ఐదు: సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య విలువ), తేదీ, రైతు పేరు, ఊరు, ఫోను. 165 వరుసలకు 990, పైన ఐదు కలిపితే 995. 166వ వరుసలో గుర్తు 996, సంచులు 997, రకం 998, బరువు 999, తరుగు 1000. ధర 1001.

వెయ్యి దగ్గర ఎవరో కత్తెర వేస్తున్నారు.

టామ్‌క్యాట్ కనెక్టర్‌కు మ్యాక్స్‌పారామీటర్‌కౌంట్ అని ఒక అమరిక ఉంది. ఒక రిక్వెస్టులో ఎన్ని పారామీటర్లు (గడుల విలువలు) తీసుకోవాలో అది చెబుతుంది. టామ్‌క్యాట్ 9లో ఏమీ రాయకపోతే 10000. కొత్త విడుదలలతో వచ్చే అమరికల ఫైలు సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో మాత్రం 1000 అని రాసే ఇస్తున్నారు. అంతకుముందు వారం సర్వర్ మార్చినప్పుడు నేను కొత్త టామ్‌క్యాట్ వేసి, దానితో వచ్చిన ఫైలునే ఉంచాను. హద్దు దాటినవాటిని టామ్‌క్యాట్ 9 తిరస్కరించదు. పక్కన పడేసి, మిగతా రిక్వెస్టును ఏమీ జరగనట్టు లోపలికి పంపుతుంది. లాగ్‌లో ఒక్క వాక్యం ఉంది, ఇన్ఫో స్థాయిలో, నాలుగు ప్రయత్నాలకూ కలిపి ఒక్కసారే. ఒకసారి చెప్పాక అదే మాటను కొంతకాలం డీబగ్ స్థాయికి దించేస్తుంది కాబట్టి మళ్లీ కనిపించలేదు.

ధర ఎన్నిసార్లు కొట్టినా ఎందుకు నిలవలేదో ఇప్పుడు తేలిపోయింది. మొదటిసారి 172 వరుసలు పంపితే 166వ వరుస తరుగు వరకే లోపలికి వెళ్లింది. తప్పుతో తిరిగొచ్చిన పేజీలో 166 వరుసలే ఉన్నాయి. గుమాస్తా ధర నింపి మళ్లీ పంపాడు. 166 వరుసలకు 996, పైన ఐదు, మొత్తం 1001. మళ్లీ ఆ చివరిదే తెగింది. జీవితాంతం కొట్టినా అది నిలవదు.

నన్ను నిజంగా భయపెట్టింది ఇంకోటి. గడుల సంఖ్య కాస్త అటూ ఇటూ అయి కోత సరిగ్గా వరుస చివర పడి ఉంటే? పైన ఐదుకు బదులు నాలుగు ఉంటే 166 వరుసలు సరిగ్గా 1000. ఏ గడీ ఖాళీగా కనిపించదు, వ్యాలిడేషన్ పాస్, చీటీ సేవ్, అచ్చు. ఆరు వరుసల డబ్బు రైతుకు రాదు. ఆ ఒక్క ధర గడి ఎర్రబడటమే మమ్మల్ని కాపాడింది. సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను నేను ఫారం మొదట్లో చేత్తో రాశాను. చివర్లో ఉండి ఉంటే టోకెనే తెగిపోయి 403 (అనుమతి లేదు) అనే తప్పు వచ్చేది, మొత్తం రిక్వెస్టు ఆగిపోయేది. గుమాస్తాకు ఆ రోజు విసుగు ఎక్కువయ్యేది కానీ అదే మేలైన విఫలత.

మూడు తప్పులనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నది అప్పుడే. టిక్కు వేరే వరుసకు పోవడం, లేని వరుస పుట్టడం, ఉన్న వరుసలు పోవడం. మూడింట్లోనూ మనిషి పంపింది ఒకటి, సర్వర్ నమ్మింది ఇంకొకటి, మధ్యలో ఎవరూ నోరు విప్పలేదు. నేను రాసిన వ్యాలిడేషన్ అంతా "వచ్చిన విలువ మంచిదేనా" అని అడుగుతోంది. "పంపినవన్నీ వచ్చాయా" అని ఒక్కచోట కూడా అడగలేదు. పెరిగే ఫారంలో రెండోదే ముందు అడగాలి.

ఏమేం మార్చాను

ఫారం పైభాగంలో "మొత్తం వరుసలు" అని ఇంకో హిడెన్ గడి పెట్టాను. పంపే ముందు జావాస్క్రిప్ట్ తెరమీది వరుసలు లెక్కపెట్టి అందులో రాస్తుంది, 0 నుంచి నంబర్లు కూడా తిరిగి వేస్తుంది. (నంబర్లు మార్చకుండా కలుపుతూ తీసేస్తూ పోతే, తెరమీద పది వరుసలే ఉన్నా నంబరు 256 దాటి ఎక్సెప్షన్ రావచ్చు.) సర్వర్‌లో సందులు తీశాక మిగిలిన వరుసల సంఖ్య దీనితో సరిపోవాలి. సరిపోకపోతే వేరే ఏ పరీక్షా చేయకుండా మొత్తం ఆపేసి, "మీరు 172 పంపారు, మాకు 166 చేరాయి, సేవ్ చేయలేదు" అని స్పష్టంగా చెబుతుంది.

హద్దులు మూడింటినీ ఒకదానికొకటి తెలిసేలా కూర్చాను. చీటీకి గరిష్ఠం 250 వరుసలు, దీన్ని బ్రౌజర్‌లోనూ ఎట్ సైజ్‌లోనూ పెట్టాను. స్ప్రింగ్ హద్దు 256. టామ్‌క్యాట్ హద్దు 1600, ఎందుకంటే 256 వరుసలకు 1536, పైన ఇప్పుడు ఆరు, 1542. వరుసకు ఏడో గడి కలిపితే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి ఆ గుణకారాన్ని సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లోనే కామెంటుగా రాసి పెట్టాను.

టామ్‌క్యాట్‌లోనే ఫెయిల్డ్‌రిక్వెస్ట్‌ఫిల్టర్ అని ఒకటి ఉంది. పారామీటర్లు కొన్ని వదిలేయాల్సి వస్తే రిక్వెస్టునే తిరస్కరిస్తుంది. వెంటనే దాన్ని వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో అన్నింటికంటే ముందు పెట్టాను. పొద్దున్నే మొదటి చీటీలో రైతు పేరంతా పిచ్చి గుర్తులు, ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి. ఈ ఫిల్టర్ తన పని కోసం పారామీటర్లను అక్కడికక్కడే చదివేస్తుంది. ఒకసారి చదివాక ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పినా లాభం లేదు. టామ్‌క్యాట్ 9 చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది, తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఎన్‌కోడింగ్ ఫిల్టర్‌ను దీనికంటే ముందుకు, సెక్యూరిటీ ఫిల్టర్ కంటే కూడా ముందుకు జరిపాను. తెలుగు ఫారం ఏదైనా వరుసలో మొదట నిలబడాల్సింది అదే.

ఏయే గడి పేర్లను తీసుకోవాలో కూడా, బైండింగ్‌కు ముందు నడిచే ఇనిట్‌బైండర్‌లో జాబితా ఇచ్చాను, వరుసలు[*].బరువు వంటి నమూనాలతో. పెరిగే ఫారంలో పేర్లు బ్రౌజర్ తయారుచేస్తుంది కాబట్టి ఎవరైనా లేని పేరు చేర్చి పంపగలరు. 2022 మార్చిలో బయటపడిన స్ప్రింగ్‌4షెల్ లోపం ఈ బైండింగ్ దారిలోంచే వచ్చింది. చీటీ మొత్తం డబ్బును బ్రౌజర్ చూపించడానికే లెక్కిస్తుంది, సర్వర్ ఆ అంకెను తీసుకోదు, తానే మళ్లీ కూడుతుంది.

టెస్టుల్లో ఒకటి మార్చాను. 200 వరుసల టెస్టు ఇప్పుడు నిజమైన టామ్‌క్యాట్‌ను లేపి, నిజమైన హెచ్‌టీటీపీ మీద, యార్డు సర్వర్‌లో ఉన్న సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌తోనే నడుస్తుంది. దానికి పక్కనే ఇంకో టెస్టు: కావాలని 300 వరుసలు పంపి, ఏమీ సేవ్ కాలేదని చూస్తుంది.

మొత్తాన్నీ జేసన్‌గా (గడులుగా కాక ఒకే టెక్స్ట్‌గా) పంపితే ఈ పారామీటర్ల హద్దు గొడవే ఉండదు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే. కొత్తగా మొదలుపెడితే అలాగే రాస్తానేమో. కానీ "పంపినవన్నీ వచ్చాయా" అనే లెక్క అక్కడా ఉంచుతాను, అది గడుల రూపాన్ని బట్టి పోయే అవసరం కాదు.

ఇది జరిగిన రెండు వారాలకు 214 వరుసల లారీ ఒకటి వచ్చింది. గుమాస్తా సేవ్ కొట్టే ముందు నాకు ఫోన్ చేసి లైన్లో ఉంచాడు, టెన్షన్ పడుతూ. "పోయిందన్నా, రెండు వందల పద్నాలుగు అంటాంది" అన్నాడు. అచ్చు తీశాక చివరి వరుస చదవమన్నాను. సంచులు, రకం, బరువు, తరుగు చదివి, ధర కూడా చదివాడు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని సెషన్ (లాగిన్ నిలిచి ఉండే కాలం). రెండు వందల వరుసలు కొట్టి మధ్యలో కాటా దగ్గరికి వెళ్లొస్తే అరగంట దాటుతుంది, టామ్‌క్యాట్ సెషన్ గడువు మామూలుగా 30 నిమిషాలే. టైపు చేసినవి బ్రౌజర్‌లోనే దాచి, మళ్లీ లాగిన్ అయ్యాక తిరిగి నింపేలా రాస్తున్నాను. దాచినవాటికీ వరుసల లెక్క జత చేస్తున్నాను.